గొంతు నేర్పిన వాద్యాలు

1 సెప్టెంబరు 2024, ఆదివారం

రాత్రి నుంచీ వాన తెరిపివ్వలేదు. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగిందని పొద్దున్నుంచీ ఫోన్లు. మా వాళ్లెవరూ అటు లేరు గానీ మనసు కుదురుగా లేదు. బాచుపల్లిలో మా వీధి చివర నీళ్లు నిలిచాయి, బయటికెళ్లే పని లేదు.

అమ్ములు తలుపేసుకుని శాక్సోఫోన్ సాధన చేసుకుంది. ఒకే స్వరం మీద ఊపిరి నిలపడం, మళ్లీ మళ్లీ. తర్వాత వాద్యం తుడిచి పెట్టెలో సర్దుతూ అడిగింది: "అమ్మా, ఇందులో మన సంగీతం పలుకుతుందా? మా సారు జాజ్ పాటలే ఇస్తున్నారు."

పలుకుతుంది అన్నాను. కద్రి గోపాల్‌నాథ్ కచేరీ ఒకటి పెట్టి వినిపించాను. కళ్లు పెద్దవి చేసుకుని వింది. "ఆయన మంగళూరు వైపు వారు. మన వైపు నుంచీ ఒకాయన ఉన్నాడు, మాండలిన్ శ్రీనివాస్. మన పాలకొల్లు పిల్లాడే" అన్నాను. "ఎవరు?" అంది.

ఆ ఒక్క మాటకి చాలాసేపు బాధగా ఉంది. దానికి పదిహేనేళ్లు. చార్లీ పార్కర్ తెలుసు, జాన్ కోల్ట్రేన్ తెలుసు. మా పుట్టింటికి కూతవేటు దూరంలో పుట్టి, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో జనాన్ని లేచి నిలబెట్టిన వాడి పేరు మాత్రం తెలీదు. తెలియజెప్పాల్సిన వాళ్లం మేమే కదా. ఈ నోటుబుక్కులో కొన్ని రోజులు ఆయన గురించే రాసుకుంటాను. దానికి చెప్పేటప్పుడు తడుముకోకుండా ఉండాలి.

7 సెప్టెంబరు, శనివారం. వినాయక చవితి

మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఈసారి మట్టి వినాయకుణ్ణే పెట్టారు. పత్రి కోసం మా ఆయన తెల్లవారుజామునే మియాపూర్ వెళ్లొచ్చారు. పూజయ్యాక పందిట్లో పాటలు పెట్టమన్నారు పిల్లలు. నేను "శాటర్‌డే నైట్ ఇన్ బాంబే" పెట్టించాను, 2001లో వచ్చిన రిమెంబర్ శక్తి బృందం ఆల్బం. అందులో త్యాగరాజస్వామి బంగాళ రాగంలో వినాయకుడి మీద చేసిన కృతి, "గిరిరాజ సుతా తనయ" ఉంది. శంకర్ మహదేవన్ గొంతు, శ్రీనివాస్ మాండలిన్, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకిర్ హుస్సేన్ తబలా.

కింది ఫ్లాటు పెద్దాయన మొదట "చవితినాడు ఇంగ్లీషు బ్యాండేమిటమ్మా" అన్నారు. చిట్టస్వరాలు వచ్చేసరికి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పాట అయ్యాక మళ్లీ ఒకసారి వెయ్యమన్నారు.

నాకు అందులో బాగా నచ్చేదొకటుంది. మెక్‌లాఫ్లిన్ అరవై ఏళ్ల దగ్గర ఉన్న మనిషి, మైల్స్ డేవిస్‌తో రికార్డులు చేసినవాడు. అంతటి వాడు ఈ కృతిలో పక్కకి జరిగి నిలబడతాడు. శ్రీనివాస్ వాయించిన ముక్కకి జవాబు చెబుతాడు గానీ దాన్ని తన దారికి లాగడు. రాగం ఎటు పోవాలో అక్కడ నిర్ణయించేది పాలకొల్లువాడే.

8 సెప్టెంబరు

బాబాయికి ఫోన్ చేశాను. డెబ్బై ఆరేళ్లు, ఇప్పటికీ గొంతు ఖంగుమంటుంది. పాతికేళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించాడు.

"బాబాయ్, బ్యాండులో శాక్సోఫోన్ ఉండేదా?"

"ఉండేదమ్మా, పెద్ద సెట్టయితే. మన ఊరి సెట్టుకంత స్తోమతేదీ! క్లారినెట్టు, బాకాలు, డోలు. అంతే. శాక్సోఫోన్ అద్దెకి తెచ్చేవాళ్లు, రేటు పెంచడానికి. దానికి గాలి ఎక్కువ కావాలే, సాయంత్రానికి బుగ్గలు వాచిపోయేవి."

"రాగాలు వాయించేవాళ్లా?"

"ఎదురుకోలుకి హిందోళం, మోహన. ఊరేగింపులో సినిమా పాటలు. సన్నాయి మేళం వాళ్లు మాకు దూరంగానే ఉండేవాళ్లనుకో. అయినా వాళ్లు వాయించేది విని నేర్చుకోకపోతే నా చేతికేమొచ్చేది?"

శ్రీనివాస్ నాన్నగారు సత్యనారాయణ గారు కూడా క్లారినెట్ వాయించేవారే. మాండలిన్ కూడా. ఇంట్లో పడి ఉన్న ఆ మాండలినే ఆరేళ్ల పిల్లాడు ఎత్తుకున్నాడు. క్లారినెట్ ఇంటి పిల్లాడు కాబట్టి ఊపిరితో సాగే స్వరం చెవిలో ముందే ఉండి ఉంటుందని నా ఊహ. తంత్రి మీద మీటితే స్వరం పుట్టిన వెంటనే చచ్చిపోతుంది. దాన్ని సాగదీయాలన్న ఆరాటం ఊరకే రాదు.

శాక్సోఫోన్ పుట్టుక కూడా ఇలాంటి ఆరాటంలోంచి వచ్చిందే. బెల్జియంలో పుట్టి పారిస్‌లో దుకాణం పెట్టుకున్న అడాల్ఫ్ సాక్స్ ఇత్తడి గొట్టానికి క్లారినెట్ తరహా రీడ్ బిగించి 1846లో పేటెంట్ తీసుకున్నాడు. ఆరుబయట కవాతులో చెక్క వాద్యాల గొంతు వినిపించదు, ఇత్తడి బాకాలకి మెత్తదనం ఉండదు. రెండింటి మధ్య గొంతు కావాలనుకున్నాడు. ఫ్రాన్స్ సైన్యం తన బ్యాండుల్లోకి తీసుకుంది. సైనిక బ్యాండులతోనే అది ఖండాలు దాటింది. అమెరికాలో జాజ్ వాళ్ల చేతికి వచ్చింది, మన దేశంలో సంస్థానాల బ్యాండుల్లోకి వచ్చింది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని చూసే కద్రి గోపాల్‌నాథ్ మనసు పారేసుకున్నాడు.

19 సెప్టెంబరు, గురువారం

శ్రీనివాస్ పోయి ఇవాళ్టికి పదేళ్లు. 2014లో చెన్నైలో కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన సమస్యలతో. 45 ఏళ్లు. ఆఫీసులో ఆ వార్త చదివి ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఇవాళ సెలవు పెట్టుకున్నాను, కారణం అడిగితే ఇంట్లో పని అన్నాను.

తెలిసిందంతా ఒక వరుసలో పెట్టుకోవాలి.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. ఉప్పలపు వారు. ఆరో ఏట మాండలిన్ పట్టాడు. తండ్రి తనకి సంగీతం చెప్పిన గురువు, రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గరే పిల్లాణ్ణీ పెట్టారు. అసలు విశేషం ఇక్కడుంది. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలి, ఎటు లాగాలి, మీటు పైనుంచా కిందనుంచా, ఏదీ చెప్పేవారు లేరు. పుస్తకం లేదు. కర్ణాటక సంగీతంలో అంతకుముందు మాండలిన్‌కి ఒక బాణీ అంటూ లేదు. ఆ వాద్యానికి బాణీ పుట్టింది ఆ గదిలో, ఒక పెద్దాయన గొంతుకీ ఒక పిల్లాడి చెవికీ మధ్య.

నేను ఇన్నేళ్లుగా ఆయన వేగాన్ని పొగిడే వాళ్లని చూశాను. మెరుపు వేళ్లంటారు, బాల మేధావంటారు. వేగం నిజమే. కానీ నాకు ఆయన గొప్పతనం తోడి గాంధారంలో కనిపిస్తుంది. తోడిలో గాంధారం ఒక చోట నిలబడదు, పక్క స్వరాల వైపు ఊగుతూనే తన ఉనికి చెప్పుకుంటుంది. మాండలిన్‌కి మెట్లు గట్టిగా బిగించి ఉంటాయి. మెడ పొట్టి, మెట్ల మధ్య జాగా ఇరుకు. వీణ మీద తీగని పక్కకి లాగి మూడు నాలుగు స్వరాలు పుట్టించినట్టు ఇక్కడ లాగలేం. పైగా మామూలు మాండలిన్‌కి తీగలు జంటలు జంటలుగా, ఎనిమిది. జంటని కలిపి లాగితే రెండూ ఒకేలా వంగవు, శ్రుతి చెదిరిపోతుంది.

ఆయన జంటల్ని తీసేశాడు. ఒంటి తీగలే పెట్టుకున్నాడు. మంద్రస్థాయి కోసం మరొక తీగ చేర్చాడు, అయిదు తీగలయ్యాయి. బోలు పెట్టె వదిలి గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు. కరెంటు వల్ల శబ్దం పెరగడం ఒక్కటే కాదు, మీటిన స్వరం నిలబడుతుంది. నిలబడిన స్వరం మీదే కదా గమకం వెయ్యగలిగేది! స్పీకరు చూసి ముఖం చిట్లించిన పెద్దలకి ఈ సంగతి అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. గమకం కోసమే ఆ పిల్లాడు కరెంటు తీగ దాకా వెళ్లాడు.

తొలి కచేరీ 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో. తొమ్మిదేళ్లు. 1981 డిసెంబరులో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో. అప్పటికి కుటుంబం మద్రాసు చేరింది. పక్కవాద్యాల్లో మృదంగంతో పాటు తవిలు కూడా ఉండే ఆ తొలినాళ్ల రికార్డులు నాకు ప్రాణం. తవిలు పక్కనుంటే మాండలిన్ నాదస్వరంలాగే సవాలు విసురుతుంది.

1983లో పశ్చిమ బెర్లిన్. అప్పటికింకా గోడ నిలబడే ఉంది. జాజ్ ఉత్సవానికి వచ్చిన జనం ముందు పద్నాలుగేళ్ల పిల్లాడు కూర్చుని కర్ణాటక కచేరీ వాయించాడు. జాజ్ కోసమని ఏమీ కలపలేదు. శ్రోతలు లేచి నిలబడ్డారు, మళ్లీ వాయించమన్నారు.

జాజ్ వినేవాళ్లకి ఇది ఎందుకు అందిందో నాకు తోచేదిది. జాజ్‌లో శాక్సోఫోన్ వాయించేవాడు ఒక పాటని తీసుకుని దాని చట్రంలోనే అప్పటికప్పుడు కొత్త దారులు వెతుకుతాడు. కల్పనస్వరాలూ నెరవూ చేసేది అదే. తాళం తెలియకపోయినా, వాయించేవాడు ప్రమాదం అంచుదాకా వెళ్లి సమానికి సరిగ్గా వచ్చి పడడం వాళ్లకి తెలుస్తుంది. అందుకోసమే వాళ్లు టికెట్టు కొనుక్కుని వచ్చేది.

అమ్ములు కాలేజీ నుంచి వచ్చాక ఇదంతా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది. "గురువుగారికి వాయించడం రాకపోవడం వల్లే అంత బాగా వచ్చిందంటావా?" అవునేమో అన్నాను. రాత్రి దాకా దాని గురించే ఆలోచిస్తున్నాను.

25 సెప్టెంబరు

ఆఫీసుకి వెళ్లే దారిలో శ్రీనివాస్ ఆల్బం "రామ శ్రీరామ". 1994లో ఇంగ్లండులో రియల్ వరల్డ్ వాళ్లు వేసింది. నిజాంపేట క్రాస్ రోడ్స్ దగ్గర బండి ఆగిపోయినా ఇవాళ విసుగనిపించలేదు. తిరుగు దారిలో మైకేల్ బ్రూక్‌తో చేసిన "డ్రీమ్" విన్నాను, 1995ది. శబ్దం అందంగా ఉంది గానీ మాండలిన్ పొగమంచులో తిరుగుతున్నట్టుంది, రాగానికి నేల దొరకలేదు. నా మటుకు నాకు "రామ శ్రీరామ" ఒక్కటి చాలు.

6 అక్టోబరు, ఆదివారం

కింద బతుకమ్మ ఆడుతున్నారు. ఈ వీధిలో సగం మంది గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లమే. అయినా మా ఆడపిల్లలందరికీ ఇప్పుడు ఆ చప్పట్ల వరుస వచ్చేసింది. అమ్ములు కూడా ఆడి వచ్చి, చెమట ఆరకుండానే నాకు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టింది. వాళ్ల సారు వినమన్నారట.

1957 డిసెంబరులో పారిస్‌లో రికార్డు చేసిన సంగీతం. లూయీ మాల్ తీసిన "అసాన్సర్ పూర్ లెషఫో" సినిమాకి మైల్స్ డేవిస్ ముందుగా రాసుకున్న స్కోరంటూ లేకుండా, తెర మీద సీన్లు చూస్తూ వాయించాడు. పక్కన టెనర్ శాక్సోఫోన్ వాయించింది బార్నీ విలెన్, నీస్‌లో పుట్టిన ఇరవై ఏళ్ల ఫ్రెంచి కుర్రాడు. ఇరవై ఏళ్లకి మైల్స్ పక్కన నిలబడి తొణక్కుండా వాయించాడు. మెక్‌లాఫ్లిన్ పక్కన శ్రీనివాస్‌ని విన్న చెవితో ఇది వింటే మనసు కదిలింది.

ఆ విలెన్ జీవితం చదివాను. రెండేళ్లు తిరక్కుండా అమెరికాలో న్యూపోర్ట్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత ఫ్రీ జాజ్, రాక్. మొనాకో కారు పందెంలో మంటల్లో చిక్కుకుని పోయిన బాండీని అనే డ్రైవరు మీద, ఆ పందెంలో రికార్డు చేసిన ఇంజన్ల హోరు కలిపి ఒక ఆల్బం చేశాడు. ఆ పైన ఆఫ్రికా వెళ్లిపోయాడు. అక్కడ పట్టుకొచ్చిన శబ్దాలతో 1972లో "మోషి" వచ్చింది. ఎనభైల్లో మళ్లీ పాత బాణీలోకి, సొంత బృందంతో, "లా నోట్ బ్లూ"తో వచ్చాడు. 1996లో పారిస్‌లో పోయాడు, 59 ఏళ్లు.

నిలకడ లేని మనిషి అనుకోవచ్చు. నాకలా అనిపించలేదు. జాజ్ అతని పుట్టింటి సంగీతం కాదు. నేర్చుకున్న భాషలో తన మాట ఏమిటో వెతుక్కోవడానికి అతనికి ఆఫ్రికా దాకా ప్రయాణం కావాల్సి వచ్చింది. శ్రీనివాస్‌కి వాద్యం పరాయిది, భాష సొంతం. అందుకే బెర్లిన్‌లోనైనా బొంబాయిలోనైనా ఇల్లు మారకుండా కూర్చోగలిగాడు. ఇద్దరి కష్టాలూ వేరు. అమ్ములుకి ఏ కష్టం రాసిపెట్టి ఉందో.

11 అక్టోబరు, శుక్రవారం

కద్రి గోపాల్‌నాథ్ పోయింది 2019లో ఇదే రోజు. ఉదయం ఆయన గురించి చదువుతూ కూర్చున్నాను. ఒక చోట ఆగిపోయాను, లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఆయన 1949లో పుట్టాడు. తండ్రి నాదస్వర విద్వాంసుడు. పిల్లాడు నాదస్వరం పక్కన పెట్టి శాక్సోఫోన్ పట్టాడు. మంగళూరులో గోపాలకృష్ణ అయ్యర్ గారి దగ్గర మొదలుపెట్టి, తర్వాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర చేరాడు. గోపాలకృష్ణన్ గారు గాయకులు, మృదంగ విద్వాంసులు. శాక్సోఫోన్ ఆయన వాద్యం కాదు. మళ్లీ అదే కథ, పాడే గురువూ, వాయించే శిష్యుడూ.

ఆ గోపాలకృష్ణన్ గారి గురువెవరు? చెంబై వైద్యనాథ భాగవతార్.

పాలకొల్లులో శ్రీనివాస్‌కి పాడి చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారి గురువెవరు? చెంబై వైద్యనాథ భాగవతారే!

మాండలిన్, శాక్సోఫోన్. కర్ణాటక కచేరీలో గత యాభై ఏళ్లలో ఇంత దూరం వెళ్లిన పరాయి వాద్యాలు ఈ రెండే కనిపిస్తాయి నాకు. రెండూ ఒకే ఇంటి గుమ్మంలోంచి వచ్చాయి. పాలక్కాడు దగ్గర పల్లెలో పుట్టి, మైకులు సరిగా లేని రోజుల్లో చివరి వరస దాకా గొంతు విసిరిన గాయకుడు ఆయన. స్వరం నిటారుగా, దాపరికం లేకుండా పాడేవాడు. జేసుదాస్ కూడా ఆయన శిష్యుడే. 1974లో పోయారు. పాలకొల్లు పిల్లాడు మాండలిన్ పట్టింది ఆ మరుసటేడు. అంటే తన బాణీ ఈ రెండు వాద్యాల్లో ఎంత దూరం పోయిందో ఆయన వినలేదు.

ఇది కాకతాళీయం అనడానికి నాకు మనసొప్పదు. సన్నని పలుకుబడులతో, గొంతు లోపలే దాచుకునే గమకాలతో పాడే బాణీ అయితే కొత్త వాద్యం దాన్ని అందుకోవడం మహా కష్టం. చెంబై బాణీలో స్వరం స్పష్టంగా నిలుస్తుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో బయటికే తెలుస్తుంది. చెవితో పట్టుకునే శిష్యుడికి అది దీపం పట్టినట్టుంటుంది. నా ఊహే. పండితులు కాదనొచ్చు. రికార్డులు పక్కపక్కన పెట్టి విన్నాక నాకైతే గట్టిగా అనిపిస్తోంది.

శాక్సోఫోన్‌లో గమకం ఎలా వస్తుందో అమ్ములే చూపించింది. మీట నొక్కితే రంధ్రం పూర్తిగా మూసుకుంటుంది, నాదస్వరంలా వేలుతో సగం మూయడం కుదరదు. అందుకని కింది పెదవి బిగువూ, ఊపిరి ఒత్తిడీ మారుస్తూ స్వరాన్ని వంచాలి. రీడ్ మీద పెదవి కొంచెం సడలిస్తే స్వరం జారుతుంది. జాజ్ వాళ్లు కూడా స్వరాన్ని వంచుతారు, అది వాళ్లకి ఒక అలంకారం. మనకి వంపులోనే రాగం ఉంది. కద్రి గారు ఇరవై ఏళ్ల దాకా దాని మీద కష్టపడ్డారంటే అర్థం చేసుకోగలను.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో కాలిఫోర్నియా శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ హ్యాండీ ఆయన్ని విని, కలిసి వాయించాడు. హ్యాండీ అప్పటికే అలీ అక్బర్ ఖాన్ గారి సరోద్‌తో "కరుణా సుప్రీమ్" చేసి ఉన్నాడు, వినే చెవి ఉన్నవాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బి.బి.సి. ప్రామ్స్‌లో కద్రి గారి కచేరీ. అదే ఏడు తమిళ సినిమా "డ్యూయెట్"లో ఏ.ఆర్. రహమాన్ సంగీతంలో ఆయన శాక్సోఫోన్. వీధి వీధికీ చేరింది.

27 అక్టోబరు, ఆదివారం

బాబాయి తనే ఫోన్ చేశాడు. చెంబై సంగతి చెబితే ఎంతో సంబరపడ్డాడు. "సుబ్బరాజు గారి పేరు ఇప్పుడెవరికి తెలుసమ్మా!" అన్నాడు.

నిజమే. ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. పాలకొల్లు అంటే క్షీరారామం చెబుతారు, అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు గార్ల పేర్లు చెబుతారు. చెప్పవలసిందే. ఆ వరసలో శ్రీనివాస్ పేరు ఒక్కోసారి వస్తుంది, సుబ్బరాజు గారి పేరు రాదు. వాద్యం రాని గురువు ఒక వాద్యానికి ప్రపంచంలో చోటు కల్పించాడంటే, ఊళ్లో కనీసం ఒక సంగీత పాఠశాలకి ఆ పేరు ఉండాలని కోరుకోవడం పెద్ద ఆశా?

మన వాళ్లు ఎంతమంది తమిళనాడు వెళ్లి స్థిరపడ్డారో చూస్తే గుండె బరువెక్కుతుంది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, శ్రీరంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించారు. తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారు చెన్నైలోనే ఉండిపోయారు. 2005లో ఫ్రెంచి ప్రభుత్వం షెవాలియే బిరుదుతో గౌరవించింది. శ్రీనివాస్‌కి 1998లో పద్మశ్రీ, తర్వాత సంగీత నాటక అకాడమీ పురస్కారం. చెన్నైలోనే పిల్లలకి మాండలిన్ నేర్పాడు, తమ్ముడు రాజేష్‌ని తీర్చిదిద్దాడు. చెన్నై వాళ్లని తప్పుబట్టను. అక్కడ సభలున్నాయి, డిసెంబరు సీజనుంది, కూర్చుని వినే జనముంది. విద్వాంసుడు వినేవాళ్ల దగ్గరికే పోతాడు.

మరి ఇక్కడ? బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్‌లలో ఎన్ని వేల ఇళ్లు లేచాయి! ప్రతి అపార్ట్‌మెంటులో క్లబ్ హౌసుంది, ఈత కొలనుంది. నెలకొక కచేరీకి నలభై కుర్చీలు వేసే చోటు లేకనా? నవంబరు సొసైటీ మీటింగులో అడుగుతాను.

10 నవంబరు

అడిగాను. నెలకి కాదు, మూడు నెలలకొకసారి అన్నారు. సరే. మొదటిది సంక్రాంతికి.

16 డిసెంబరు, సోమవారం

జాకిర్ హుస్సేన్ పోయారు. నిన్న రాత్రి నుంచీ అవునని ఒకరు, కాదని ఒకరు. పొద్దున్న కుటుంబం చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో, 73 ఏళ్లు.

ఈ ఫిబ్రవరిలోనే కదా శక్తి బృందానికి "దిస్ మూమెంట్" ఆల్బం మీద గ్రామీ వచ్చింది. మెక్‌లాఫ్లిన్, జాకిర్, శంకర్ మహదేవన్, సెల్వగణేష్, వయొలిన్ మీద గణేష్ రాజగోపాలన్. వేదిక మీద వాళ్ల సంతోషం చూస్తూ, మాండలిన్ ఉండాల్సిన చోటు నాకు కళ్ల ముందు కనబడింది.

రాత్రి పాత వీడియోలు చూశాం, నేనూ అమ్ములూ. 1997లో రిమెంబర్ శక్తి పేరుతో మళ్లీ కలిసినప్పుడు తొలి విడతలో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు ఉండేది. తర్వాత శ్రీనివాస్ వచ్చాడు. ఆయన కుదురుగా కూర్చుంటాడు, ముఖంలో చిన్న నవ్వు తప్ప ఏ హడావిడీ ఉండదు. జాకిర్ ఆయన వైపు తిరిగి ఒక ముక్క విసురుతాడు. మాండలిన్ దాన్ని తీసుకుని మరో గతిలో తిప్పి పంపిస్తుంది. జాకిర్ పకపకా నవ్వుతాడు. ఒక తాళంలో ఇద్దరూ ఎంత దూరం పోయినా ఒకరికొకరు కనబడుతూనే ఉంటారు.

"అమ్మా, ఆయన స్వరాలు పాడుతున్నట్టే వాయిస్తున్నాడు. ఊపిరి తీసుకునే చోట ఆగుతున్నాడు చూడు. తీగ వాద్యానికి ఊపిరితో పనేముంది!" అంది అమ్ములు.

అది నేను చెప్పింది కాదు. దానికదే విన్నది. ఎంత సంతోషమేసిందో రాయలేను.

29 డిసెంబరు, ఆదివారం

ప్రగతినగర్‌లో సంగీతం చెప్పే ఒక మేడమ్ గారి దగ్గరికి అమ్ముల్ని తీసుకెళ్లాను. విజయనగరం సంగీత కళాశాలలో చదివినావిడ. గాత్రం మాత్రమే చెబుతారు. "శాక్సోఫోన్ గురించి నాకేమీ తెలీదమ్మా" అన్నారు ముందే. అందుకే వచ్చామన్నాను. చెంబై, సుబ్బరాజు గారు, పాలకొల్లు, మంగళూరు, అన్నీ చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే చూద్దాం" అన్నారు.

మొదటి చిక్కు శ్రుతి దగ్గర వచ్చింది. అమ్ములుది ఆల్టో. వాళ్ల పుస్తకంలో సి అని రాసి ఉన్న స్వరం ఊదితే పలికేది మన రెండున్నర శ్రుతి. మేడమ్ గారిది ఐదున్నర. ఆవిడ దిగలేరు. అమ్ములు వేళ్లు లెక్కపెట్టుకుని, షడ్జం ఎఫ్ మీదికి మార్చుకుంది. తంబురా పెట్టెతో సరిపోయింది. మంద్ర పంచమం వాద్యంలో బాగా కిందికి పడింది, అక్కడ గట్టిగా మోగుతుంది, మెత్తగా రావడానికి సాధన కావాలి.

మాయామాళవగౌళ. మేడమ్ గారు స రి గ మ పాడారు. అమ్ములు ఊదింది. "రిషభం అలా ముక్క విరిచినట్టు కాదు తల్లీ, షడ్జాన్ని ఆనుకుని ఉండాలి" అంటూ మళ్లీ పాడారు. పెదవి సడలించి ప్రయత్నించింది. మరీ జారింది. మళ్లీ పాడారు. ఎవరూ ఏ మీట నొక్కాలో చెప్పలేదు, గంట గడిచింది.

వచ్చేటప్పుడు మేడమ్ గారు అమ్ములుతో అన్నారు: "వచ్చే ఆదివారం ముందు నువ్వు పాడాలి. గొంతు బాగుందా లేదా అని చూడను. నోటితో రానిది దాంతో అడగకు."

అమ్ములు ఇంటికొచ్చి వాద్యం పెట్టె తెరవలేదు. భోజనాల దాకా గదిలో పాడుతూనే ఉంది.

సంక్రాంతి కచేరీకి కుర్చీలు ఎవరి దగ్గర అద్దెకి దొరుకుతాయో రేపు కనుక్కోవాలి.